ఆ మాటకి బాధ్యులెవరు?

ఎమ్మిగనూరులో ఒక వీధి కుళాయి దగ్గర బిందెల వరస గురించి మొదలైన గొడవ ఒకే ఒక్క మాటతో ఆగిపోయింది: "బసివిదానివి, నువ్వా నాకు చెప్పేది!" మాట పడ్డ పెద్దామె బిందె ఎత్తుకుని ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్లి, "కేసు పెట్టొచ్చు కదమ్మా" అన్నాను. "ఏమని పెట్టేది తల్లీ? నన్ను బసివిగా ఇడిసింది నిజమే గదా" అందామె.

నిజమైతే అది తిట్టు కాదా? ఆ ప్రశ్నతోనే నేను పాత చట్టాలు తిరగేశాను.

ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో ఉండేవి. కొడుకులు లేని బోయ, మాదిగ కుటుంబాలు కూతుర్ని దేవుడికి విడిచి, ఆమెని కొడుకు స్థానంలో నిలబెట్టుకునేవి. ఆమె తండ్రికి తలకొరివి పెట్టేది, ఆస్తి పొందేది, ఆమె పిల్లలు తాత వంశానికి చెందేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బళ్లారి బసివిల మీద వ్యాసం రాసిన పోలీసు అధికారి ఫాసెట్, వాళ్లు పొందే ఈ పురుష హక్కుల్ని శీర్షికలోనే పెట్టాడు. అయితే ఈ హక్కుకి ఆమె శరీరంతో వెల కట్టించుకున్నారు. విడిచినది కుటుంబం, అనుభవించినది ఊరి మగవాళ్లు. పేరు మాత్రం ఆమెకి మిగిలింది. తిట్టుగా మారింది కూడా ఆమె పేరే.

ఇదే కాలంలో మద్రాసు హైకోర్టు ముందుకి 'పార్వతి వర్సెస్ మన్నార్' కేసు వచ్చింది. ఆమె పెళ్లాడిన భార్య కాదనీ, శీలం లేనిదని ఊళ్ల నుంచి వెళ్లగొట్టారనీ ప్రతివాది అన్నాడు. నోటిమాట వల్ల జరిగిన ప్రత్యేక నష్టాన్ని నిరూపిస్తేగాని అప్పటి ఇంగ్లండ్ చట్టం పరిహారం ఇచ్చేది కాదు. 1884 నాటి ఈ కేసులో మద్రాసు కోర్టు ఆ నియమాన్ని పాటించలేదు. స్త్రీ శీలం మీద నింద వేస్తే నష్టం నిరూపించకుండానే దావా చెల్లుతుందంది. ఇంగ్లండ్ స్త్రీలకి ఆ హక్కు 1891లో చట్టం చేస్తేనే వచ్చింది.

గొప్ప తీర్పే. కాని అది కాపాడింది 'శీలవతి' అన్న పేరుని. ఆ పేరే లేదని లోకం ముందే తేల్చేసిన స్త్రీ ఏ పరువు చూపించి దావా వెయ్యాలి?

మన సాహిత్య చరిత్రలోనూ ఇదే జరిగింది. వీరేశలింగం ముద్దుపళని కవిత్వాన్ని ఆమె వృత్తితో ముడిపెట్టి నిందించారు. 'రాధికా సాంత్వనము'ని 1910లో పరిష్కరించి ప్రచురింపజేసిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ నిందని ఎదిరించారు. చివరికి ప్రభుత్వం నిషేధించింది నాగరత్నమ్మ తెచ్చిన పుస్తకాన్నే. ఆ నిషేధం తొలగింది 1947లో. నింద రాసినవారికి ఏ బాధ్యతా లేదు, నిందపడ్డ స్త్రీ రచన మాత్రం నేరమైంది.

మళ్లీ ఎమ్మిగనూరు ప్రశ్నకి వస్తాను. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 499వ సెక్షన్ నోటిమాటనీ రాతనీ ఒకే నేరంగా చూసింది. కులాన్నో వృత్తినో పట్టుకుని ఎదుటివారిని ఇతరుల దృష్టిలో దించడం కూడా అందులో ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ నేరానికి 'నిజమే' అన్న జవాబు ఒక్కటే సరిపోదు. ఆ నిజం చెప్పడం ప్రజల మేలు కోసం అయ్యుండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఈ నియమం అలాగే ఉంది. కుళాయి దగ్గర ఏ ప్రజల మేలు కోసం ఆ మాట అన్నట్టు?

1988లో మన రాష్ట్రంలో దేవదాసీ అర్పణ నిషేధ చట్టం వచ్చింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, దళిత, ఆదివాసీ స్త్రీని దేవుడికి విడవడాన్ని విడిగా నేరంగా చేర్చింది. వాళ్లని ఉద్దేశించి అనే లైంగికమైన మాటలూ అందులోకి వచ్చాయి. కాని బీసీ జాబితాలో ఉన్న బోయ స్త్రీకి ఆ రక్షణ లేదు. ఒకే ఆచారానికి బలైన ఇద్దరు పక్కింటి స్త్రీలని చట్టం రెండు రకాలుగా చూస్తోంది.

ఆ పెద్దామెకి మళ్లీ కనిపించి ఇదంతా చెప్పాను. చాలాసేపు విని, "అయితే నిజమైనా అనగూడదా?" అని అడిగింది.

అనకూడదమ్మా. విడిచినవాళ్ల తప్పుని నీ పేరుగా పిలవకూడదు. బసివిల మీద పరిశోధనలు రాసే నాలాంటి వాళ్లూ ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.