బరుసు పండుగ

జపాన్‌లో ‘లపుటా: ఆకాశ కోట’ సినిమా టీవీలో వచ్చే రాత్రి ప్రేక్షకులంతా ఒకే క్షణంలో ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) ఒకే మాట రాయడం ఆనవాయితీ. హయావో మియజాకి దర్శకత్వంలో స్టూడియో గిబ్లి తీసిన ఈ యానిమేషన్ చిత్రం 1986లో విడుదలైంది. నిప్పన్ టీవీ దీన్ని కొన్నేళ్లకోసారి మళ్లీ వేస్తుంటుంది. కథ చాలామందికి కంఠతా వచ్చు, కాబట్టి తర్వాతేమవుతుందన్న ఉత్కంఠ కోసం చూసేవాళ్లు తక్కువే.

పతాక సన్నివేశంలో పజు, షీతా అనే పిల్లలిద్దరూ చేతిలో చెయ్యి వేసి, నీలిరాయి పట్టుకుని ‘బరుసు’ అని మంత్రం చదవగానే గాల్లో తేలే కోట కూలడం మొదలవుతుంది. ఆ మాటను ఫోన్లో ముందే టైప్ చేసి పెట్టుకున్నవాళ్లు సరిగ్గా అప్పుడే పోస్టు చేస్తారు. 2011 డిసెంబరు ప్రసారంలో సెకనుకు 25,088 ట్వీట్లు పడ్డాయి. 2013 ఆగస్టులో అది 1,43,199కి ఎగబాకి ట్విట్టర్‌లో కొత్త రికార్డయింది. అప్పటి మామూలు సగటు సెకనుకు దాదాపు 5,700 మాత్రమే. అంత తాకిడికీ సైటు మొరాయించకపోవడాన్ని సంస్థ ఇంజనీర్లు గొప్పగానే చెప్పుకున్నారు, అందులో తప్పేమీ లేదు.

దూరంగా ఉన్నవాళ్లు కలిసి సినిమా చూసేందుకు కరోనా కాలంలో ప్రాచుర్యం పొందిన ‘నెట్‌ఫ్లిక్స్ పార్టీ’ (తర్వాత ‘టెలిపార్టీ’) వంటివాటిలో అందరి తెరలనూ ఏకకాలంలో నడిపించడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి. బరుసు పండుగలో ఆ పని టీవీ ప్రసారమే చేసిపెడుతుంది.