హ్యాంబర్గర్ కథ: పేరు, పెనం, పూచీ

హ్యాంబర్గర్ అన్న మాటలో హ్యామ్ వినిపిస్తుంది గాని, ఆ వంటకంలో హ్యామ్ ఉండదు. హ్యామ్ అంటే ఉప్పు పట్టించి నిలవచేసిన పంది తొడమాంసం. హ్యాంబర్గర్‌లో వాడేది గొడ్డుమాంసపు ఖైమా. మనం బందరు లడ్డు, కాకినాడ కాజా అన్నట్టే, జర్మనీలోని హాంబుర్గ్ రేవుపట్టణం పేరు దీనికి అంటుకుంది. అయితే ఆంగ్లం మాట్లాడేవారి నాలుక మీద ఆ మాట తప్పుచోట విరిగింది. ‘హాంబర్గ్ + అర్’ అని విడదీయవలసినది ‘హ్యామ్ + బర్గర్’ అయింది. ఆ తప్పు పదచ్ఛేదం వల్లనే ‘బర్గర్’ స్వతంత్ర పదమై చీజ్‌బర్గర్, చికెన్ బర్గర్‌లకూ, 1996లో మెక్‌డొనాల్డ్స్ మన దేశానికి వచ్చిన తరువాత ఆలూ టిక్కీ బర్గర్‌కూ జన్మనిచ్చింది. భాషాప్రియులకు ఇంతకన్న రుచికరమైన తప్పు దొరకడం కష్టం.

19వ శతాబ్దంలో ఐరోపా నుంచి అమెరికాకు వలసపోయిన లక్షలాది జనం ఓడ ఎక్కిన రేవులలో హాంబుర్గ్ ఒకటి. ఆ శతాబ్దం ముగిసేనాటికి ‘హాంబర్గ్ స్టేక్’ అమెరికా వంట పుస్తకాలకు ఎక్కింది. 1884లో బోస్టన్ వంట పాఠశాలకు చెందిన మేరీ లింకన్ ప్రచురించిన గ్రంథంలో దీని విధానం ఉంది. మాంసపు ముక్కను దంచి, వేయించిన ఉల్లితరుగు మధ్యలో పెట్టి మడిచి, మళ్ళీ దంచి కాల్చమంటుందామె. ఇంటింటా మర యంత్రాలు వెలిశాక ఆ దంచుడు పని తప్పింది. 1888లో జేమ్స్ శాలిస్‌బరీ అనే వైద్యుడు ఖైమా బిళ్ళలను వేడినీళ్ళతో పాటు పథ్యంగా నిర్దేశిస్తూ పెద్ద గ్రంథమే వెలువరించాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మను వాసన గల పేర్లు అమెరికనులకు గిట్టనప్పుడు ఈ వంటకం ఆ వైద్యుని పేరు వెనుక తలదాచుకుంది. ఆ బిళ్ళను రొట్టె మధ్య మొదట పెట్టిందెవరన్న వివాదానికి నేటికీ తీర్పు లేదు. ఊరికొక హక్కుదారు ఉన్నాడు.

అసలు విశేషం ఖైమాలోనే ఉంది. ముక్కగా ఉన్న మాంసాన్ని చూసి దాని మంచిచెడ్డలు కొంతవరకు పోల్చుకోవచ్చు. మరలో పడ్డాక అది ఏ భాగమో, ఎన్ని పశువులదో, ఎన్నాళ్ళదో కన్ను చెప్పలేదు. ఖైమా కొనడమంటే అమ్మేవాడిని నమ్మడమే. 1906లో అప్టన్ సింక్లెయిర్ ‘ది జంగిల్’ నవల షికాగో మాంసపు కర్మాగారాల మాలిన్యాన్ని బయటపెట్టగా, ఆ ఏడే మాంస తనిఖీ చట్టం వచ్చింది. పోయిన నమ్మకాన్ని తిరిగి సంపాదించడానికే, 1921లో విచిటా నగరంలో వాల్టర్ ఆండర్సన్, బిల్లీ ఇంగ్రామ్‌లు తెరిచిన దుకాణానికి తెల్లరంగు వేసి ‘వైట్ కాసిల్’ అని పేరు పెట్టారు. అక్కడ హ్యాంబర్గర్ వెల 5 సెంట్లు.

అంగడి సంగతి అలా ఉండగా, ఇంటి పొయ్యి దగ్గర నమ్మకం ఎవరి పూచీ? దీనిపై న్యాయస్థానమే మాట్లాడవలసి వచ్చింది. పచ్చిమాంసం పొట్లాల మీద సూక్ష్మజీవుల హెచ్చరిక ఉండాలని అమెరికా ప్రజారోగ్య సంఘం దావా వేస్తే, 1974లో అక్కడి అప్పీలు కోర్టు అక్కరలేదన్నది. గృహిణులు అజ్ఞానులు కారనీ, వారి వంటపద్ధతులే సాధారణంగా జబ్బును అడ్డుకుంటాయనీ దాని భావన. మెచ్చుకోలుగా వినిపించే ఈ తీర్పు, నిజానికి కర్మాగారం మోయవలసిన బరువును వంటింటి గడప దాటించింది.

1982లో ఒరిగాన్, మిషిగన్ రాష్ట్రాలలో సరిగా ఉడకని హ్యాంబర్గర్లు తిన్నవారికి సోకిన వ్యాధిని పరిశోధిస్తూ ‘ఇ. కోలై ఓ157:హెచ్7’ అనే సూక్ష్మజీవిని గుర్తించారు. 1993లో జాక్ ఇన్ ది బాక్స్ అనే హోటళ్ళ సంస్థ హ్యాంబర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు మరణించారు. మరుసటి ఏడు, 1994లో, ఈ సూక్ష్మజీవి ఉన్న ఖైమాను కల్తీ సరుకుగా ప్రభుత్వం ప్రకటించింది. మాంస వర్తకులు ఎదిరించారు. సరిగా వండితే ప్రమాదం లేదు గనుక అది కల్తీ కాదన్నది వారి వాదన. చాలామంది అమెరికనుల దృష్టిలో లోపల ఎర్రగా ఉన్న ఖైమా కూడా సరిగా వండినదే కదా అని న్యాయస్థానం ఆ వాదనను నిరాకరించింది. ఇరవయ్యేళ్ళకు బరువు గడప దాటి వెనక్కి వెళ్ళింది. పొట్లాల మీద జాగ్రత్తలు అచ్చువేయడం కూడా ఆ ఏడే తప్పనిసరి అయింది.

కారణం సులభగ్రాహ్యమే. ముక్కగా ఉన్న మాంసానికి సూక్ష్మజీవులు సాధారణంగా పైపొర మీదే ఉంటాయి. పెనం వేడికి అవి నశిస్తాయి. మరలో ఆ పైపొరే లోపలికి కలిసిపోతుంది. కనుక బిళ్ళ నడిమి దాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి. రంగును నమ్మరాదు. ఆ వేడి చేరకముందే గోధుమరంగుకు తిరిగే ఖైమా కూడా ఉంటుంది. వంటింటి ఉష్ణమాపకమే సాక్ష్యం. తక్కినది చేతివాటం. ఇనుప పెనం బాగా కాలాలి. ఖైమాను అతిగా పిసకరాదు. ఉప్పు ముందుగా కలిపితే బిళ్ళ గట్టిపడుతుంది గనుక, పెనం మీద వేసేముందు పైన చల్లాలి. కాలుతున్న బిళ్ళను అట్లకాడతో అదిమితే రసం పెనం పాలవుతుంది.

మన హైదరాబాదు శికంపూర్ కబాబు కూడా పెనం మీద కాలే ఖైమా బిళ్ళే. కాకపోతే అక్కడ ఖైమాను శనగపప్పుతో ఉడికించి, నూరిన తరువాతనే పెనం మీద వేస్తారు. పెనం దానికి రంగూ రుచీ ఇస్తే చాలు. హ్యాంబర్గర్‌కు మాత్రం పెనమే మొదటి మంటా, చివరి మంటా. వండేవారి నేర్పు గొప్పదే. కానీ ఆ నేర్పును సాకుగా చూపి మర వెనుకనున్నవారు తప్పుకోరాదని తేల్చడానికి నలుగురు పసివాళ్ళ ప్రాణాలు పోవలసి వచ్చింది.