పాత బండి బేరం: శబ్దం నుంచి చట్రం దాకా

పాత స్పోర్ట్స్ బైకు బేరంలో ముందు ఇంజన్ శబ్దం వినే అలవాటు టూ-స్ట్రోక్ కాలం ఇచ్చిన వారసత్వమని నా అభిప్రాయం. 1983 నాటి రాజ్‌దూత్ 350లో, 1985 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100లో క్యాములు లేవు, టైమింగ్ చైను లేదు. రింగులు అరిగితే కిక్కు బిగువులోనే తెలిసేది. అప్పటికి ఆ పరీక్ష చాలింది. 2001లో పల్సర్ వచ్చాక ఫోర్-స్ట్రోక్ బళ్లదే రాజ్యమైంది, తర్వాత ఫెయిరింగులూ వచ్చాయి. ఇంజన్ చక్కగా పలుకుతున్నా, కిందపడిన బండి ఫోర్కు వంగి ఉండవచ్చు. కొత్త ఫెయిరింగు ఆ దెబ్బను దాచేస్తుంది. అందుకే హ్యాండిల్ మెడ దగ్గర వెల్డింగు మచ్చలు, ఫోర్కు సీళ్ల దగ్గర నూనె చెమ్మ, స్ప్రాకెట్ పళ్ల అరుగుదల చూడాలి.

తెలిసిన మెకానిక్ చూస్తే చాలదా అంటారు. యంత్రం వరకు చాలు. యాజమాన్యం సంగతి అతని చేతిలో లేదు. పాలమూరు ఏపీ 22, నల్లగొండ ఏపీ 24 నంబర్లు తెలంగాణ ఏర్పడిన 2014 నుంచి 2024 దాకా కొత్త బళ్లకు టీఎస్ 06, టీఎస్ 05గా ఉండేవి. ఆ ప్లేటు బండి మొదట ఎక్కడ రిజిస్టరైందో చెబుతుందే తప్ప ఇప్పుడు ఎవరిదో చెప్పదు. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీదివాటితో పోల్చాల్సిందే. అమ్మేసినా రికార్డులో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక డబ్బు చేతులు మారే రోజే యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి.