ఇంటి మీద, ఇంటి కాడ: తెలుగు షష్ఠి పుట్టుపూర్వోత్తరాలు

విజయనగరం సంస్థానాన్ని ఏలిన పూసపాటివారి ఇంటిపేరులోను, ఆ జిల్లాలోని శృంగవరపుకోట, లక్కవరపుకోట అనే ఊళ్ళ పేర్లలోను, శ్రీకాకుళం జిల్లాలోని ఆమదాలవలస పేరులోను తెలుగు వ్యాకరణం షష్ఠీ విభక్తి అని పిలిచే సంబంధార్థక రూపం, అంటే ఇది ఫలానా దానిది అని తెలిపే రూపం, విడిగా ఏ ప్రత్యయమూ తగిలించకుండానే మాటలో ఇమిడిపోయి ఉంది. పూసపాడు అనే ఊరి పేరు చివరి 'డు' 'టి'గా మారి ఆ ఊరివారు పూసపాటివారయ్యారు. శృంగవరము, లక్కవరము అన్న మాటల చివరి 'ము' 'పు'గా మారి కోటకు ముందు నిలిచింది. ఆమదాలు అనే బహువచనంలోని 'లు' 'ల' అయి వలసతో కలిసింది. వీటిలో ఎక్కడా 'యొక్క' కనిపించదు. అయినా విభక్తులు వల్లెవేసే బడిపిల్లవాణ్ణి షష్ఠికి గుర్తేమిటని అడిగితే 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' అని తడుముకోకుండా చెబుతాడే తప్ప పూసపాటిలోని 'టి' షష్ఠి అని ఎంతమాత్రం చెప్పడు.

నామవాచకం ప్రథమా విభక్తిలో ఒక రూపంతోను, ఇతర విభక్తులు చేరేటప్పుడు మరొక రూపంతోను ఉండడం తెలుగు స్వభావం. ఇల్లు ఇంటి అవుతుంది, ఏరు ఏటి, చేయి చేతి, ఊరు ఊరి అవుతాయి. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో ఇలా వచ్చే ఇ, టి, తి అనే వర్ణాలను ఔపవిభక్తికాలు అన్నాడు. విభక్తిని ఆశ్రయించి వచ్చేవి అని ఆ మాటకు స్థూలంగా అర్థం. అయితే ఈ మారిన రూపం విభక్తికి తావు చూపే మెట్టు మాత్రమే కాదు, తనంతట తానే షష్ఠి కూడా. 'ఇంటి గోడ' అన్నప్పుడు సంబంధాన్ని చెప్పేదీ, 'ఇంటి మీద' అన్నప్పుడు మీద అనే మాటకు ముందు నిలిచేదీ ఒకే 'ఇంటి'. నా పుస్తకం, నా వెనక, నాతో, నాలో అన్నవాటిలోనూ 'నా' ఒక్కటే. ఇంగ్లీషులో పుస్తకానికి ముందు 'మై' అనీ, విభక్తి వంటి పదం తరువాత 'మీ' అనీ రెండు రూపాలు వాడవలసి వస్తుంది కాబట్టి, ఆ భాష నేర్చుకునే తెలుగువాడికి ఈ తేడా మొదట్లో అకారణంగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

విభక్తికి ముందు సంబంధార్థక రూపమే ఎందుకు రావాలన్న ప్రశ్నకు సమాధానం విభక్తుల పుట్టుకలో ఉంది. ఇవాళ ప్రత్యయాల్లా, అవ్యయాల్లా కనిపించే మాటల్లో చాలా భాగం ఒకప్పుడు స్వతంత్రమైన నామవాచకాలు. తోడు అనే నామవాచకం నుంచి తోడన్, దాని నుంచి తో వచ్చాయి. చేయి అనే మాట చేతన్, చే అయింది. తమిళంలో లోపల అనే అర్థమున్న 'ఉళ్' కు తోబుట్టువైన ధాతువే వర్ణవ్యత్యయంతో, అంటే అక్షరాలు తావులు మార్చుకోగా, తెలుగులో 'లో' అయిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. క్రిందు, ముందు, పక్క, వెనుక అన్నవి నామవాచకాలన్న సంగతి నేటికీ మరుగుపడలేదు. కనుక 'వాని తోడ' అంటే మొదట్లో వాడి సహవాసంలో అనీ, 'ఇంటి పక్క' అంటే ఇంటికి చెందిన పార్శ్వమనీ అర్థం. ముందున్నది స్వామి, వెనకున్నది సొత్తు. సొత్తు పేరు అరిగి ప్రత్యయమైపోయినా, స్వామి పేరు మాత్రం పాత షష్ఠీ రూపంలోనే నిలిచిపోయింది.

ఈ పరిణామం ఇంకా సగం దారిలో ఉన్న చోటు చూడాలంటే ఉత్తరాంధ్ర పల్లెల మాటను మించినది లేదు. దగ్గర అనే అర్థంలో అక్కడివారు వాడే 'కాడ' పాత 'కడ'కు రూపాంతరం. కడ అంటే చోటు, వైపు, చివర. అక్కడ, ఇక్కడ, ఎక్కడ అన్నవాటిలో ఉన్నదీ అదే కడ. 'ఇంటికాడ', 'నూతికాడ', 'నాకాడ' అన్నప్పుడు ఇంటి చోటు, నూతి చోటు, నా చోటు అనే పాత అర్థం మాట అడుగున ఇంకా తగులుతూనే ఉంటుంది. నుయ్యి అనే మాట నూతి అవుతుందన్న నియమం వ్యాకరణం చదవని వారి నోట కూడా ఏనాడూ తప్పదు. రాయలసీమలోనూ కాడ వినిపిస్తుంది కాబట్టి దీన్ని ఒక్క శ్రీకాకుళం సొత్తుగా చెప్పుకోవడం కుదరదు.

ఇదంతా తెలుగు ఒక్కదాని విశేషం కూడా కాదు. తమిళంలో నాడు నాట్టు, వీడు వీట్టు, ఆఱు ఆఱ్ఱు అవుతాయి. తెలుగులో నాడు నాటి, ఏరు ఏటి కావడంతో వీటిని పోల్చి చూస్తే, చివరి హల్లును ద్విత్వంగా ఊది పలకడమే ద్రావిడ భాషల్లో షష్ఠికి ఒక పాత గుర్తని తెలుస్తుంది. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రకటించిన తులనాత్మక వ్యాకరణంలో ఈ విభక్త్యంగాలను, అంటే విభక్తి చేరడానికి ముందు నామవాచకం దాల్చే రూపాలను, విస్తారంగా చర్చించాడు.

అలాంటప్పుడు షష్ఠికి యొక్క ముఖచిత్రమెలా అయిందంటే, తెలుగు వ్యాకరణం సంస్కృతపు అచ్చులో పోత పోసుకోవడం వల్లనే అని చెప్పాలి. సంస్కృతంలో ఏడు విభక్తులున్నాయి కనుక తెలుగులోనూ ఏడు గదులు కట్టి, ఉన్న ప్రత్యయాలను వాటిలో సర్దారు. ఒకరికి ఇవ్వడాన్ని తెలిపే కి, కు లను చతుర్థిలో కాక షష్ఠిలో చేర్చడం ఇప్పటి చదువరికి వింతగా తోచవచ్చు గాని, ప్రాకృత భాషల్లో చతుర్థి షష్ఠిలో కలిసిపోయిందనీ, వరరుచి ప్రాకృత వ్యాకరణం ఆ సంగతిని సూత్రీకరించిందనీ గుర్తు చేసుకుంటే ఆ సర్దుబాటు మరీ అంత నిర్హేతుకంగా కనిపించదు. గదిలో పెట్టడానికి కంటికి కనిపించే ప్రత్యయం కావాలి, మాటలోనే కరిగి ఉన్న టి, తి, పు, ల అందుకు పనికిరావు, యొక్క పనికివచ్చింది.

విచిత్రమేమిటంటే యొక్క కూడా షష్ఠీ రూపం మీదే చేరుతుంది. 'ఇంటి యొక్క', 'నా యొక్క' అన్నప్పుడు ఇంటి, నా అన్నవి అప్పటికే సంబంధాన్ని చెప్పేశాయి. యొక్క దానినే రెండోసారి చెబుతుంది. ఇంగ్లీషులో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. ఆ భాషలో 'ఆఫ్' అనే మాట మొదట నుంచి, దూరంగా అనే అర్థాలలో ఉండి, ఫ్రెంచి ప్రాబల్యం పెరిగిన కాలంలో సంబంధార్థంలో విరివిగా వ్యాపించింది. పాత షష్ఠీ ప్రత్యయం పదం చివరి సకారంగా మిగిలింది. 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మై ఫాదర్స్' అనే నిత్యవ్యవహారపు పదబంధంలో ఆఫ్ తరువాత కూడా ఆ సకారం వచ్చి, సంబంధం రెండుసార్లు చెప్పినట్టవుతుంది. కాని అక్కడ ఆ ద్విరుక్తికి పని ఉంది: 'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ మై ఫాదర్' అంటే తండ్రిని చిత్రించిన బొమ్మ, సకారం చేరిస్తే తండ్రికి చెందిన బొమ్మ. తెలుగు యొక్కకు అటువంటి పని ఏదీ లేదు. దరఖాస్తు పత్రాల్లో 'దరఖాస్తుదారుని యొక్క తండ్రి యొక్క పేరు' అని రాసినంత మాత్రాన అర్థం వీసమెత్తు పెరగదు.

వ్యాకరణపు గదుల కంటె నోటి మాటే ప్రమాణమన్న వాదానికి ఉత్తరాంధ్ర ప్రాంతమే పుట్టినిల్లు కావడం కాకతాళీయం కాదు. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ శ్రీముఖలింగం గుడి శాసనాలను తనంతట తాను చదవడం నేర్చుకున్నాడు. లిపి లేని సవర భాషను ఆ భాషీయుల నుంచే నేర్చి వ్యాకరణాన్నీ నిఘంటువునూ కూర్చాడు. పుస్తకం లేని భాషకు వ్యాకరణం రాసేవాడు చెవిని నమ్ముకోక తప్పదు. ఆ అలవాటే ఆయన తెలుగు వాదానికీ ఊపిరి పోసి ఉండాలి. విజయనగరంలో గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రమూ, 1919లో గిడుగు స్థాపించిన 'తెలుగు' పత్రికా ఆ వాదానికి బలమిచ్చాయి.

వ్యవహారం వ్యాకరణాన్ని దాటిపోయిన తీరుకు 'గురించి' మంచి సాక్ష్యం. అది క్రియ నుంచి పుట్టిన మాట కనుక పాత తెలుగులో ద్వితీయను కోరుకుని 'నన్ను గురించి', 'వానిని గురించి' అని వచ్చేది. బాలవ్యాకరణం దాన్ని ద్వితీయలోనే చేర్చింది. మీద, వెనక, దగ్గర వంటివి షష్ఠి తరువాత వస్తూ ఉండగా గురించి కూడా వాటి వరుసలో చేరి 'నా గురించి', 'ఇంటి గురించి' అయింది. పాత రూపం ఇంకా చావలేదు గాని, మాటల్లో కొత్తదే ముందుంది.

మరోవైపు టి, తి వర్గం ఎప్పుడో తలుపులు మూసుకుంది. దంతమైన పన్ను పంటి అవుతుంది గాని, సర్కారుకు కట్టే పన్ను పన్నుగానే ఉంటుంది. రోలు రోటి అవుతుంది; రోడ్డు మాత్రం ఎంత పాతబడినా రోడ్డు మీదే. శృంగవరపుకోటకు వెళ్ళే బస్సు నుదుట ఎస్.కోట అనీ, లక్కవరపుకోట బస్సు మీద ఎల్.కోట అనీ రాసుకోవడంతో పాత 'పు' కాస్తా ఇంగ్లీషు అక్షరం వెనక చుక్కగా మారింది. ప్రయాణికులు మాత్రం ఎస్.కోటకి టిక్కెట్టు అడిగి, ఎస్.కోటలో దిగుతున్నారు.