లంబసింగి రోడ్డు వేసిందెవరు?

చలికాలం వచ్చిందంటే విశాఖ బైకులన్నీ నర్సీపట్నం వైపే. తెల్లారేసరికి లంబసింగి మంచు, అక్కణ్ణుంచి చింతపల్లి, ఇంకా ఓపికుంటే జి.మాడుగుల దగ్గర కొత్తపల్లి జలపాతం. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆగి ఫోటో తీసుకోనివాళ్ళు తక్కువ.

1920ల మొదట్లో ఈ నర్సీపట్నం-చింతపల్లి రోడ్డు పనికి గిరిజనుల చేత వెట్టి చేయించినవాడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. కూలి సరిగ్గా ముట్టలేదు. పోనీ కొండెక్కి పోడు కొట్టుకుందామా అంటే, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక తాతలనాటి వాలు కాస్తా రిజర్వు ఫారెస్టు. అడుగుపెడితే నేరం.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి, తుపాకులు చేతికొచ్చాయి.

మన పాఠాల్లో ఇదంతా అల్లూరి సీతారామరాజు ఒక్కడి కథ (సినిమాల్లో మరీనూ). గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు పక్క పాత్రలు. నా మటుకు నాకు అసలు కథ వాళ్ళదే. అడవి పోయింది వాళ్ళకి, రోడ్డు వేసింది వాళ్ళ మనుషులు. గంటందొర 1924లో, రాజు చనిపోయిన కొద్ది వారాలకే, కాల్పుల్లో పోయాడు. పట్టుబడి జైలుపాలైన మల్లుదొర 1952 తొలి ఎన్నికల్లో గెలిచి లోక్‌సభకి వెళ్ళాడు. ఎక్కణ్ణుంచనుకున్నారు? మన విశాఖపట్నం నుంచే!

గిరిజనులకి అడవి విషయంలో చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటు చట్టంలో రాసుకున్నది 2006లో. ఆ తర్వాత రెండేళ్ళకి, గోదావరి పక్క పాపికొండలు నేషనల్ పార్క్ అయ్యాయి.

నర్సీపట్నంలో లంబసింగి దారి పట్టకుండా కృష్ణదేవిపేట వైపు తిరిగితే, రాజు సమాధి, గంటందొర సమాధి ఒకేచోట ఉంటాయి.