దవడ కీలు అరుగుదల: ఆడవారిలోనే ఎక్కువ ఎందుకు?

చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే లోపల కదిలేదే దవడ కీలు. కింది దవడ ఎముక కొస కణత ఎముక గుంటలో ఆనుకుని ఉంటుంది. రెంటికీ మధ్య పలచటి బిళ్ళ ఒకటి. ఈ కీలు తలుపు బందులా తిరగడమే కాదు, నోరు పెద్దగా తెరిచేసరికి ముందుకు జారుతుంది కూడా. కుడి ఎడమ కీళ్ళు ఒకే ఎముకకు ఉన్నాయి కనుక రెండూ కలిసే పనిచేయాలి.

మోకాలిలాగే ఇదీ అరుగుతుంది. నమిలేటప్పుడు నొప్పి, పొద్దున్నే బిగుసుకుపోవడం, నోరు తెరిస్తే ఇసుక నలిగినట్టు గరగర శబ్దం దీని గుర్తులు. ఒక్కసారి ‘టక్’మంటే మాత్రం అది చాలామందిలో బిళ్ళ జారి మళ్ళీ చోటికి రావడమే. నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదు.

అరుగుదలకు మొదటి కారణం భారం. నిద్రలో పళ్ళు కొరకడం, పగలు పనిలో పడి దవడలు బిగపట్టడం, ఎప్పుడో గడ్డానికి తగిలిన దెబ్బ, బిళ్ళ పక్కకు తొలగడం. తిండి నమలడం వల్ల వచ్చే భారం చాలా కొద్దిసేపే. ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసినా పై పళ్ళు, కింది పళ్ళు కలవకూడదు. ఇది చదువుతూ మీ పళ్ళు కలిసి ఉన్నాయేమో చూసుకోండి.

అదే భారం అందరినీ ఒకేలా బాధించదు. దవడ కీలు నొప్పులు మగవారికంటే ఆడవారిలో ఎక్కువ, అదీ సంతానం కలిగే వయసులో. ఈ కీలు కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. ఆ హార్మోన్ మృదులాస్థి, ఎముక మరమ్మతునూ, నొప్పి తెలిసే తీరునూ మారుస్తుందని పరిశోధకుల అభిప్రాయం. కొందరికి నెలసరి రోజుల్లో నొప్పి పెరుగుతుంది. అలాగని ఈస్ట్రోజెన్ మాత్రలు దీనికి మందు కావు. ముట్లుడిగాక ఆ మాత్రలు వాడినవారిలో దవడ నొప్పి ఎక్కువని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని మరికొన్ని చెప్పాయి. దవడ కోసమని ఎవరూ వాటి జోలికి పోవద్దు.

ఈ నొప్పిని చెవి పోటనో, పంటి పోటనో అనుకోవడం మామూలే. కీలు నొప్పికి మంచి పన్ను పీకించుకున్నా నొప్పి పోదు. పీకించే ముందు “కీలు చూశారా?” అని అడగండి. కన్నడంలో దవడె, తమిళంలో తాడై, మరాఠీలో జబడా అంటే డాక్టరుకు తెలుస్తుంది. చెవి ముందు వేలు పెట్టి చూపితే ఇంకా మేలు.

వక్క, గుట్కా అలవాటున్నవారికి నోరు తెరుచుకోకపోతే అది వేరే జబ్బు కావచ్చు. బుగ్గల లోపలి పొర గట్టిపడుతుంది, క్యాన్సర్‌కూ దారితీయవచ్చు. నడిస్తే దవడ నొప్పి వచ్చి, చెమటలు, ఆయాసం కూడా ఉంటే అది గుండెది కావచ్చు; ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

అరుగుదలే అయితే చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కొన్ని వారాలు మెత్తటి తిండి, చెరుకు గడలకూ జంతికలకూ సెలవు, వేడి కాపడం, పళ్ళు కొరికేవారికి రాత్రి పెట్టుకునే తొడుగు. నొప్పి మాత్రలు కిడ్నీ, కడుపు పుండు ఉన్నవారు డాక్టరును అడిగే వేసుకోవాలి. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే, లేదా పళ్ళ కాటు మారిపోతే, దంత వైద్య కళాశాలలో నోరు, దవడల శస్త్రచికిత్స విభాగంలో చూపించండి. పాత ఎక్స్‌రేలు ఉంటే వెంట తీసుకెళ్ళండి.