రేకుడబ్బాలో కవళ్ళు

మాదాపూరులో ఏ పెద్ద దుకాణానికి వెళ్ళినా, పప్పులూ నూనెలూ దాటి ఓ మూల అరలో చిన్న చిన్న రేకుడబ్బాలు కనిపిస్తాయి. పైన ఎర్రటి రసంలో వెండిరంగు చేపల బొమ్మ, 'సార్డీన్స్ ఇన్ టొమాటో సాస్' అన్న అక్షరాలు. రాత్రి డ్యూటీ చేసే అమ్మాయిలూ, కేరళ నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్లలూ చటుక్కున ఒకటి తీసి బుట్టలో వేసుకుంటారు. మనలో చాలామంది మాత్రం తీసి, తిప్పి చూసి, "ఎన్నాళ్ళనాటి చేపో ఏమో!" అని మళ్ళీ అక్కడే పెట్టేస్తాం. ఆ అనుమానం తప్పు కాదు. కానీ ఆ డబ్బా వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉంది. అందులో ఆడవాళ్ళ పాలు ఎక్కువ. అది తెలుసుకుని, ఆ తర్వాత కొనాలో వద్దో మీరే తేల్చుకోండి.

ముందు చేప సంగతి. తెలంగాణ ఇళ్ళల్లో చేప అంటే చెరువు చేపే. బొచ్చె, రవ్వ, కొరమీను. దుర్గం చెరువు ఒడ్డున ఉన్న మాదాపూరుకు సముద్రం ఎంతో దూరం. విశాఖ, కాకినాడ వైపు వాళ్ళను అడగండి, సార్డీన్‌ని "ఓస్, కవళ్ళే కదా!" అంటారు. పేదవాడి చేప అది. గుంపులు గుంపులుగా వలలో పడుతుంది, చవగ్గా దొరుకుతుంది. అందులో నూనె కవళ్ళు ఒకప్పుడు ఎక్కువగా మలబారు తీరానివే. 1980ల చివరి నుంచి మన తూర్పు తీరంలోనూ బాగా పడుతున్నాయి.

కవళ్ళతో చిక్కు ఒక్కటే. ఒంట్లో నూనె ఎక్కువ గనక తొందరగా పాడవుతాయి. పడ్డ రోజు గుట్టలుగా పడతాయి, మర్నాటికి నీసు కంపు కొడతాయి. అందుకే మనవాళ్ళు ఉప్పువేసి ఎండబెట్టారు. ఫ్రాన్సు వాళ్ళు ఇంకో దారి వెతికారు.

1795లో అక్కడి ప్రభుత్వం సైన్యానికి తిండి నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టిన వాళ్ళకు బహుమానం ఇస్తామంది. నికొలా అపెర్ అనే మిఠాయిల వ్యాపారి ఏళ్ళ తరబడి కష్టపడి, ఆహారాన్ని గాజుసీసాల్లో పెట్టి, బిగించి, మరిగే నీళ్ళలో ఉంచితే చెడదని చూపించాడు. 1810లో 12,000 ఫ్రాంకులు అందుకున్నాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ రేకుడబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. 1820ల్లో నాంత్ పట్టణంలో జోసెఫ్ కొలాఁ సార్డీన్‌లను డబ్బాల్లో పెట్టి అమ్మాడు. చిత్రమేమిటంటే, రేకుడబ్బాకు పేటెంటు వచ్చాక డబ్బా తెరిచే పనిముట్టు రావడానికి 40 ఏళ్ళు పైన పట్టింది. అంతవరకూ ఉలీ సుత్తీతోనే! అసలు తిండి ఎందుకు చెడటం లేదో కూడా అపెర్‌కు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ 1860ల్లో తేల్చి చెప్పాడు. వంటింట్లో చేయి ముందు నేర్చుకుంటుంది, శాస్త్రం తర్వాత వచ్చి కారణం చెబుతుంది. ఆవకాయ పెట్టే మనకిది కొత్త సంగతేం కాదు.

ఇక ఆడవాళ్ళ మాట. ఫ్రాన్సులో బ్రెతాఞ్ తీరాన దువార్నెనే అనే రేవు ఉంది. మగవాళ్ళు పడవల మీద వెళ్ళేవారు, ఆడవాళ్ళు కార్ఖానాల్లో చేపల తలలు తీసి, కడిగి, వేయించి, డబ్బాల్లో పేర్చేవారు. పడవలు ఎప్పుడొస్తే అప్పుడే పని. అర్ధరాత్రయినా వెళ్ళాల్సిందే. కూలి గంటకు 80 సాంతీములు, అంటే ఒక ఫ్రాంకు కూడా కాదు. 1924 నవంబరులో ఆ ఆడవాళ్ళు పని మానేసి వీధుల్లోకొచ్చారు. ఆరు వారాలు పస్తులకు ఓర్చుకున్నారు. యజమానుల తరఫున వచ్చిన కిరాయి మనుషులు ఊరి మేయరు మీద తుపాకీ పేల్చారు. అయినా వెనక్కి తగ్గలేదు. 1925 జనవరి 6న గంటకు ఒక ఫ్రాంకు కూలికి యజమానులు ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఏడు మే నెలలో జోసెఫీన్ పెన్కాలె అనే కార్మికురాలు, భర్త పోయిన మనిషి, ఊరి మునిసిపాలిటీకి ఎన్నికయింది. ఆడదానికి ఓటే లేని దేశంలో ఎన్నికేమిటని దాన్ని కొట్టేశారు. ఫ్రాన్సు స్త్రీలకు ఓటు 1944లో గాని రాలేదు. మన మద్రాసు రాజధానిలో, ఆస్తి ఉన్నవాళ్ళకే అయినా, శాసనసభ 1921లోనే స్త్రీలకు ఓటిచ్చింది. ఎవరు ముందో ఎవరు వెనకో చూశారా!

మరి మనవాళ్ళ చేతికి ఈ డబ్బా ఎలా వచ్చింది? మద్రాసు రాజధానిలో చేపల శాఖకు పునాది వేసిన ఫ్రెడరిక్ నికల్సన్ కాలంలో, గత శతాబ్దం మొదట్లో, మలబారు తీరంలో సార్డీన్‌లను డబ్బాల్లో పెట్టే ప్రయత్నాలు జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1957లో కొచ్చిన్‌లో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడి ఈ విద్యను ముందుకు తీసుకెళ్ళింది. కానీ డబ్బా చేపను నిజంగా తెలుగు కూరగా మార్చింది ఇక్కడివాళ్ళు కాదు, సముద్రాలు దాటిన వాళ్ళు.

1860 నుంచి 1911 వరకూ దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకుతోటలకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పందకూలీలుగా వెళ్ళారు. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళకిచ్చిన రేషనులో బియ్యం, పప్పుతోపాటు ఉప్పుచేప ఉండేది. తర్వాతి తరాలకు అక్కడి తీరంలో డబ్బాకెత్తిన పిల్చర్డ్ చేప, అంటే సార్డీన్ జాతిదే, టమాటా రసంలో చవగ్గా దొరికింది. ఆ తల్లులు ఏం చేశారు? ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తాళింపు వేసి, డబ్బా చేపను అందులోకి దించారు. 'టిన్ ఫిష్ కర్రీ' అని ఈనాటికీ డర్బన్ ఇళ్ళల్లో ఇష్టంగా వండుకుంటారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకోవాలని తపించినవాళ్ళు వీళ్ళే. నాలుగైదు తరాల్లో చాలా ఇళ్ళల్లో మాట జారిపోయినా, తాళింపు మాత్రం జారిపోలేదు.

అది ఎందుకు కుదిరిందంటారు? ఉత్తరాంధ్ర వాళ్ళు రామములక్కాయ అనే ఆ టమాటాలో పులుపుంది. మన చేపల పులుసులో చింతపండు చేసే పనే అక్కడ టమాటా చేస్తుంది. నీసు తగ్గిస్తుంది, రుచి పట్టిస్తుంది. ఇక మూసిన డబ్బాను ఆవిరి ఒత్తిడిలో 115, 120 డిగ్రీల దాకా వేడిచేస్తారు గనక సన్నముళ్ళు మెత్తబడి తినేయొచ్చు. దాంతో ఒంటికి సున్నం పదార్థం, అదే కాల్షియం, అందుతుంది.

కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని కొనండి. ఉబ్బిన డబ్బా ఊరికే ఇచ్చినా వద్దు. అతుకు దగ్గర సొట్టపడినా, తుప్పు పట్టినా వద్దు. తారీకు చూడండి. ఉప్పు ఎంతుందో చదవండి, రక్తపోటు ఉన్నవాళ్ళకు అది ముఖ్యం. తెరిచాక మిగిలింది గాజుగిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో తినేయండి. వండేటప్పుడు తాళింపూ మసాలా మగ్గాకే చేప వేసి, గరిటె పెట్టి కలపకుండా గిన్నె అటూ ఇటూ తిప్పండి. లేకపోతే ముక్క చిదిమిపోతుంది.

తాజా చేప దొరికిన రోజున తాజాదే మేలు, అందులో సందేహం లేదు. కానీ పని నుంచి రాత్రి పదింటికి ఇల్లు చేరిన పిల్ల డబ్బా తెరిచి, కాస్త కరివేపాకు వేసి వేడన్నంలో కలుపుకుంటే, "బద్ధకం" అని మాత్రం అనకండి. చెరకుతోటలో రోజంతా వొళ్ళు విరిచి వచ్చి పొయ్యి వెలిగించినవాళ్ళ కూతుళ్ళూ మనవరాళ్ళూ చేసిందీ అదే.